అత్తరు పూసింది నేనే

మా ఇంట్లో జరిగిన ఎలుకల గొడవ గురించి మా బంధువులందరికీ ఒక కథ తెలుసు. మా బావమరిది సెంటు చేతులతో వాటిని కెలికి, పచ్చని సంసారాలు కూల్చాడని ఆ కథ. దాన్ని చెప్పింది నేను. అది అబద్ధం. ఏడాదికి పైగా ఆ నింద మోసినవాడి తరఫున ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఎలుకలు అంటే మా అమ్మాయి ఒప్పుకోదు. జెర్బిళ్లు అనాలి. తోక చివర కుచ్చు ఉంటుంది. వెనక కాళ్ల మీద నిలబడి, ముందు కాళ్లు రెండూ గుండెకు ఆనించుకుని, తహసీల్దారుకు అర్జీ ఇవ్వడానికి వచ్చినట్టు చూస్తాయి. ఒంగోలులో చదువుకునేటప్పుడు అక్కాచెల్లెళ్లు అని ఎవరో చెబితే రెండింటిని తెచ్చింది. నెల తిరగకముందే అక్క ఆరు పిల్లలను పెట్టింది. చెల్లెలే ఆ పిల్లల తండ్రి అని తేలింది.

వెంటనే మా అమ్మాయి ఇల్లు విడదీసింది. తండ్రినీ ముగ్గురు కొడుకులనూ ఒక గాజు తొట్టిలో, తల్లినీ ముగ్గురు కూతుళ్లనూ ఇంకో తొట్టిలో పెట్టింది. అంతలో పొదిలి స్నేహితురాలు ఉద్యోగానికి బెంగళూరు పోతూ తన రెండు ఆడవాటిని మాకు అప్పగించింది. మూడో తొట్టి వచ్చింది. నేను మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పని చేస్తాను కాబట్టి అంచు విరిగిన పలకలకు కొదవ లేదు. ఒక్కో తొట్టికి ఒక పలక ఆనించి సుద్దముక్కతో రాసింది: నాయన వైపు, అమ్మ వైపు, పొదిలి వాళ్లు.

"బోను పెట్టి ఎలుకలను పట్టేటోళ్లం మనం," అన్నది మా ఆవిడ. "ఇప్పుడు అవే మనల్ని హాల్లోంచి తరిమినాయి."

ఒక తొట్టిలో చెయ్యి పెడితే, సబ్బుతో కడుక్కున్నాకే ఇంకో తొట్టిలో పెట్టాలి. అది మా అమ్మాయి చట్టం.

"వాటికి వాసనే ఆధార్ కార్డు నాయనా. ఒక ఇంటి వాసన ఒకటే ఉంటాది. వేరే వాసన తగిలితే చంపుకుంటాయి."

ఆ మాట నా బుర్రలో ఒక మూల పడి ఉంది. ఆ తర్వాత ఒక నిఖాకు పోయాను. అత్తరు దుకాణం నడిపే నా స్నేహితుడు వాకిట్లో నిలబడి వచ్చినవాళ్లందరి మణికట్టు మీద అత్తరు రాస్తున్నాడు. నాకూ రాసి, "ఇప్పుడు మనమంతా ఒకటే వాసన అన్నా, ఒకటే ఇల్లు," అన్నాడు. అప్పుడు నాకు వెలిగింది. గొడవంతా కార్డుదే అయితే అందరికీ ఒకే కార్డు ఇస్తే సరిపోతుంది కదా!

రెండు రోజుల తర్వాత మా అమ్మాయి పరీక్షలకు పోయింది. మా ఆవిడ కురిచేడులో పుట్టింటికి పోయింది. పొద్దున్నే గిద్దలూరు నుంచి మా బావమరిది వచ్చాడు. అతను పెళ్లిళ్ల ఫోటోగ్రాఫరు. అతనికన్నా ముందు అతని సెంటు గేటు దాటి వస్తుంది. మూతలు తీసి, ఆ తొట్టిలో ఒకసారి, ఈ తొట్టిలో ఒకసారి చెయ్యి పెట్టి, "ఎంత ముద్దుగా ఉండాయి బావా," అని నవ్వి, టిఫిన్ తిని వెళ్లిపోయాడు. ఏ గొడవా జరగలేదు. అతని వంతు అంతే.

అతను పోయాక నేను అత్తరు దుకాణానికి పోయాను.

"మల్లె అత్తరా? ఎవరికి అన్నా, వదినకా?"

"ఇంట్లో ఆడవాళ్లకు," అన్నాను. నిజమే. అమ్మ వైపు నలుగురు, పొదిలి వాళ్లు ఇద్దరు.

మగవాటి జోలికి పోలేదు, నాకు ఆమాత్రం తెలివి ఉంది. ఆరింటికీ దూదితో వీపున అత్తరు పూసి ఒకే తొట్టిలో దించాను. అర నిమిషం శాంతి. గర్వపడ్డాను కూడా. తర్వాత ఒకటి వెనక కాళ్లతో దబదబ నేలను కొట్టింది. అంతే, ఆరూ ఒక బంతి అయి దొర్లాయి. పొదిలి వాళ్లతో కాదు, తల్లి కూతుళ్లతోనే కలబడింది. అందరికీ ఒకే కార్డు వచ్చిన మాట నిజమే, కానీ అందులో ఎవరి ఫోటో లేదు. ఎవరికి ఎవరూ తెలియరు. పలకలు అడ్డం దూర్చి ఒక్కోదాన్ని విడదీసి బకెట్లో, బిందెలో, డేగిసాలో, చేతికి దొరికిన గిన్నెలో వేశాను. ఒకదాని తోక చివర తెగింది.

సాయంత్రం మా ఆవిడ గుమ్మంలోనే ముక్కు ఎగబీల్చింది. "మా తమ్ముడు వచ్చినాడా ఏంది?"

"వచ్చినాడు," అన్నాను. అదీ నిజమే.

"కుక్కర్లో ఏదో కదులుతుండాది?"

"మూత తియ్యొద్దు. మీ తమ్ముడు తొట్లలో చేతులు పెట్టినాడు. అన్నీ కొట్టుకున్నాయి."

నోరు జారింది అంటే మళ్లీ అబద్ధమే. ఆలోచించే అన్నాను. పాపం ఆమె తలకొట్టేసినట్టు నిలబడింది. "వాడు చిన్నప్పటి నుంచీ అంతే, చెయ్యి ఊరుకోదు," అన్నది.

మా అమ్మాయి వచ్చి మామకు స్పీకరులో ఫోన్ చేసింది. చిన్నప్పుడు కెమెరా పట్టడం నేర్పిన మామ. మార్కులు వచ్చినా, జ్వరం వచ్చినా నాకన్నా ముందు తెలిసేది ఆ మామకే.

"మామా, మూతలు తీసింది నువ్వేనా?"

"నేనే అమ్మా. రెండిట్లో చెయ్యి పెట్టినా. నా వల్లే అయినట్టుంది. సారీ అమ్మా."

తనే చేశానని నమ్మేశాడు మహానుభావుడు! నేను పక్కనే కూర్చుని ఫ్యాను ఎంత బాగా తిరుగుతోందో చూశాను.

"ఇంక వాటిని ముట్టొద్దు మామా," అని పెట్టేసింది. తర్వాత మామకు ఫోన్లు తగ్గాయి, ఆగాయి. మా అమ్మాయి తొట్టి మధ్యలో వల పెట్టి, రోజూ వైపులు మార్చి, వారాల తరబడి ఏ ఇంటివాటిని ఆ ఇంటివాటితో కలిపింది. తోక తెగినది మాత్రం ఎవరితోనూ కలవలేదు. మూడిళ్లను రెండు చేద్దామని బయలుదేరి నాలుగు చేశాను.

పోయిన నెల మా బావమరిది వచ్చాడు. సెంటు లేదు, మానేసి ఏడాది దాటింది. చేతులు వెనక్కి కట్టుకుని, గడప అవతలే నిలబడి, ఎప్పటిలాగే అడిగాడు. "ఆ తోక తెగింది ఎట్లుంది అమ్మా?"

"బాగుంది," అన్నది మా అమ్మాయి ఫోను చూసుకుంటూ.

ఆ ఒక్క మాట తీసుకుని అతను తల ఊపి వెనక్కి తిరిగాడు. నావల్ల కాలేదు. దూది దగ్గర నుంచి కుక్కరు దాకా అంతా చెప్పేశాను.

బావమరిది నెమ్మదిగా అడిగాడు. "ఏ అత్తరు బావా?"

"మల్లె."

"ఏడాది బావా! ఏడాది నుంచి ఎండాకాలం పెండ్లిండ్లలో చెమట కంపుతో ఫోటోలు తీస్తుండా! దగ్గరికి పోతే పెండ్లికూతుర్లు మొకం పక్కకు తిప్పుతుండారు. ఆల్బంలన్నీ సైడు ఫోజులే బావా!"

మా అమ్మాయి నవ్వలేదు. లేచి పోయి మామ చెయ్యి వెనక నుంచి లాగి, లోపలికి తీసుకొచ్చి, ఒంటరిదాని తొట్టి మూత తీసింది.

"చెయ్యి పెట్టు మామా."

"కడుక్కోలేదమ్మా."

"పర్లేదు, పెట్టు."

తోక తెగినది వచ్చి, వేళ్లన్నీ వాసన చూసి, అరచేతిలోకి ఎక్కి కూర్చుంది. అతని కళ్లు నీళ్లయ్యాయి. నేనూ చూద్దామని వంగాను.

"నువ్వు కాదు నాయనా," అన్నది మా అమ్మాయి. "నువ్వు గడప అవతల."