ఒకే నంబరు వేసిన ట్రాన్సిస్టర్లు

ఎనభైల చివర్లో పటాన్‌చెరులోని ఒక టీవీల ఫ్యాక్టరీలో పని చేశాను. మాది ఇంద్రేశం. ఇంటర్ తప్పి ఇంట్లో ఉన్న నాకు అక్కడ టెస్టింగ్ బెంచీ మీద ఉద్యోగం దొరికింది. తయారై వచ్చిన ప్రతి టీవీని ఆన్ చేసి, తెర మీద నలుపు తెలుపు గళ్ల బొమ్మ అంచుల దాకా నిండుగా ఉందో లేదో పది నిమిషాలు చూడాలి. బాగుంటే కార్డు మీద సంతకం పెట్టాలి. అంతే నా పని.

ఆ ఏడాది మా ఇంజనీరు గారు కొత్త మోడల్ ఒకటి తయారు చేశారు. ఆయనది గోదావరి వైపు, బీరంగూడలో అద్దెకు ఉండేవారు. ఆ చిన్న టీవీ కరెంటు లేకపోయినా ట్రాక్టర్ బ్యాటరీతో నడిచేది. మొదటి సెట్లు చక్కగా వచ్చాయి. అంతలో అందులో వేసే ఒక ట్రాన్సిస్టర్ రావడం ఆగిపోయింది. మూత బిగించిన చిన్న ఇనుప డబ్బీలా ఉండేది అది. టీవీకి అందే వోల్టేజీ హెచ్చుతగ్గులు కాకుండా చూసేది. బయటి దేశం నుంచి బొంబాయి ఏజెంటు ద్వారా రావాలి. ఓడ ఆలస్యమని ఒకసారి, లైసెన్సు కాగితాలని ఇంకోసారి చెప్పారు. రెండు వారాలు లైను ఆగిపోయింది. మూడో వారం స్టోర్స్ ఇన్‌చార్జి వేరే డీలరు దగ్గర నుంచి సరుకు తెచ్చాడు. అదే డబ్బీ, దాని మీద అదే నంబరు. లైను మళ్లీ నడిచింది.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం, సంతకం పెట్టిన సెట్టును ఆపడం మరిచిపోయి భోజనానికి వెళ్లాను. వచ్చి చూస్తే బొమ్మ రెండు పక్కలా లోపలికి జరిగి ఉంది. అంచుల్లో వేలెడు వెడల్పు నల్ల పట్టీలు. సూపర్‌వైజర్‌ను పిలుచుకొచ్చేలోగా ఎవరో స్విచ్ ఆపేశారు. మళ్లీ వేస్తే నిండు బొమ్మ!

"ఏదమ్మా? మంచిగనే ఉంది గద?"

"ఇప్పటిదాంక లోపలికి వోయింది సార్. నా కండ్లతోని చూసిన."

"పొద్దంత గవే గళ్లు సూసి నీ కండ్లు తిరుగుతున్నయ్. జెర డాక్టర్‌కు చూపించుకో."

మర్నాడు మూడు సెట్లు ఎక్కువసేపు ఆన్‌లో ఉంచాను. ఒకదాంట్లో బొమ్మ తగ్గింది. సాయంత్రం మళ్లీ పెడితే అది బాగానే ఉంది, పొద్దున బాగున్న సెట్టులో తగ్గింది. నా మీద నాకే అనుమానం వచ్చి నిజంగానే సంగారెడ్డి వెళ్లి కంటి డాక్టరుకు చూపించుకున్నాను. కళ్లు బాగున్నాయన్నాడాయన. బయటికొచ్చాక భయం ఇంకా పెరిగింది. లోపం కళ్లలో లేకపోతే మరెక్కడుంది, నా తలలోనా?

చివరికి ఇంజనీరు గారికి చెప్పాను. ఆయన నవ్వలేదు.

"ఎంతసేపటికి తగ్గుతోందమ్మా?"

"ఒకటి అరగంటకు సార్, ఒకటి గంటకు. ఒకటైతే తగ్గనే తగ్గలే."

ఆయన తన గదిలో ఫ్యాను కింద ఒక సెట్టు పెట్టుకుని పూటంతా చూశారు. ఏమీ కాలేదు. ఫ్యాను గాలికి వేడెక్కలేదేమోనన్నారు. ఆ సెట్టునే నాకిచ్చి, "ఆదివారం మీ ఇంట్లో పెట్టి చూడండి. మీరొక్కరే కాదు, నలుగురికీ చూపించండి" అన్నారు.

ఆదివారం పొద్దున సీరియల్ వేళకు మా వాకిలి నిండిపోయింది. నాయిన ట్రాక్టర్ బ్యాటరీ తెచ్చి తగిలించాడు. సీరియల్ సగం నడిచేసరికి పక్కింటి పెద్దమ్మ లేచి తెర దగ్గరికి వచ్చింది.

"ఏందె బిడ్డా, గా రాజు మొదలు లావుగుండె గద. గిప్పుడు గింత బక్కగైండేంది?"

నాకు నవ్వు ఆగలేదు. కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. "టీవీ ఖరాబైతే నవ్వుతవేందే?" అని నాయిన పరేషాన్ అయ్యాడు.

సోమవారం ఈ సంగతి వినగానే, మధ్యలో మారింది అదొక్కటే కాబట్టి, ఇంజనీరు గారు పాత ట్రాన్సిస్టర్‌నొకటి, కొత్తదొకటి తీసుకుని రంపంతో మూతలు కోయించారు. పాతదాంట్లో చిటికెనవేలి గోరంత పలక ఉంది. కొత్తదాంట్లో పెసరగింజంతే ఉంది. కరెంటు మోసేది ఆ పలకేనని, అది చిన్నదైతే త్వరగా వేడెక్కి వోల్టేజీ పడిపోతుందని, అప్పుడు బొమ్మ కుంచించుకుపోతుందని చెప్పారు. అనుమానం తీరక కొత్తవాటిలో ఇంకొన్ని కోయించారు. కొన్నింట్లో పెద్ద పలకే ఉంది! స్టోర్స్ ఇన్‌చార్జి మొహం వాడిపోయింది.

"నంబర్ సూసే తెచ్చిన సార్. మూత కోసి సూసి ఎవరన్న కొంటరా?"

చిక్కుముడి అక్కడితో విడిపోయినా బాగుండేది. మర్నాడు బొమ్మ తగ్గిన ఒక సెట్టులోని ట్రాన్సిస్టర్‌ను కోయిస్తే పెద్ద పలకే కనిపించింది. రోజంతా నిలకడగా నడిచిన ఇంకోదాంట్లో చిన్న పలక ఉంది. ఎక్కడైనా దొరికే వేరే ట్రాన్సిస్టర్‌తో నడిచేలా ఇంజనీరు గారు బోర్డును మళ్లీ గీయడం మొదలుపెట్టారు. దానికి నెలలు పడుతుందన్నారు. అప్పటికే తయారైన సెట్లు గోదాములో ఉన్నాయి. డీలర్లు ఆగడం లేదని, వాటికి సంతకాలు పెట్టి పంపమని మేనేజర్ గారు నాతో అన్నారు.

"పది నిమిషాలు చూసి సంతకం పెట్ట సార్. ఒక్కోటి గంట చూస్త" అన్నాను.

మేనేజర్ ఇంజనీరు గారి వైపు చూశారు. "ఆవిడ చెప్పిందే చేద్దామండీ. మన దగ్గర ఇంతకంటే వేరే పరీక్ష లేదు" అన్నారు ఇంజనీరు గారు.

వరసగా సెట్లు పెట్టుకుని, వేడి నిలవాలని కిటికీలు మూసి, ఉక్కపోతలో నెలంతా చూశాను. తగ్గినవాటిని పక్కన పెట్టాను. అయినా నేను బాగుందన్న సెట్లలో కొన్ని జహీరాబాద్ వైపు నుంచి తిరిగొచ్చాయి. నేను వద్దన్న ఒక సెట్టును ఇంజనీరు గారు ఇంటికి తీసుకెళ్తే అది ఏ తంటా లేకుండా నడిచింది. కొత్త బోర్డుతో మోడల్ బయటికొచ్చేసరికి దుకాణాల్లో అందరూ కలర్ టీవీ అడుగుతున్నారు. కొద్ది నెలల్లో దాన్ని ఆపేశారు.

ఇంజనీరు గారు ఉద్యోగం మారి వెళ్లే రోజున అడిగాను. "అసలు తప్పు ఎక్కడుండె సార్?"

"చిన్న పలక ఒక కారణమమ్మా. మిగతాది నాకూ తెలియలేదు. నా బోర్డులోనే ఇంకేదో తప్పు ఉండి ఉండొచ్చు."

అంత చదువుకున్న మనిషి తెలియలేదని అనడం నేనెప్పుడూ వినలేదు. "ఆ పెద్దమ్మ గారికి నా నమస్కారాలు చెప్పండి" అని ఆయన గేటు దాటి వెళ్లిపోయారు.