బత్తీ వెలుగులో కంది

మా ఆయనకు కరెంటంటే మహా ప్రేమ. నేను వికారాబాద్ నుంచి తాండూరు పక్క ఊరికి కోడలిగా వచ్చిన కొత్తలో అక్కడ కిరసనాయిలు దీపాలే. తర్వాత కొన్నేళ్ళకు కరెంటు వచ్చింది. వచ్చిన రోజు నుంచి దాన్ని ఎవరినీ ఒక్క మాట అననిచ్చేవాడు కాదు. బల్బు మాడిపోయినా తప్పు మనదే అనేవాడు. అందుకే ఎనభైల్లో ఒక సాయిబు మా చేను పక్కన నాపరాళ్ళు పాలిష్ పట్టే కార్ఖానా పెట్టి, పొడవాటి స్తంభానికి పెద్ద మెర్క్యురీ బత్తీ బిగిస్తే, ఊళ్ళో అందరికంటే ఎక్కువ మురిసిపోయింది ఈయనే.

"మన చేన్ల రాత్రి గూడ పగలే" అని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పేవాడు. ఆ పగలే మా కొంప ముంచింది.

కార్ఖానా పక్కనున్న కంది సాళ్ళు మా అత్తవి. అంటే పట్టా ఆమె పేరున ఉందని కాదు, విత్తనం ఆమెది. ఆమె పుట్టిల్లు బంట్వారం దిక్కు. పెళ్ళయి వచ్చేటప్పుడు తల్లి ఒడిబియ్యంలో పిడికెడు కందులు కూడా కలిపి కట్టిందట. అప్పటి నుంచి ఏటేటా వాటినే వేసి, వాటినే దాచింది. గింజలకు ఎర్రమట్టి పట్టించి, ఎండబెట్టి, వేపాకు వేసి కుండలో పోసి, మూతికి పేడ మెత్తేది. ఆ కుండను మగవాళ్ళు ముట్టుకుంటే ఊరుకునేది కాదు. నాకు మాత్రం తీయడం, పెట్టడం నేర్పింది. "నా తర్వాత నీది, నీ తర్వాత నీ బిడ్డది" అనేది.

కార్ఖానా వచ్చిన యేడు మా ఆయన తాండూరు దుకాణం నుంచి సంచుల్లో కొత్త విత్తనం తెచ్చాడు. చేనంతా అదే వేస్తానన్నాడు. అత్త రెండు రోజులు అన్నం ముట్టలేదు. చివరికి కార్ఖానా వైపు కొన్ని సాళ్ళు ఆమెకు వదిలేసి, "పో, నీ ముచ్చట తీర్చుకో" అన్నాడు. అత్త కుండలో ఉన్నదంతా వేసేసింది. ఒక యేడు దాటి ఉంచితే పురుగు పడుతుంది కాబట్టి ఎప్పుడూ మిగల్చదు. ఆ యేడు ఆ సాళ్ళు పండకపోతే ఆ విత్తనం ఇక ఎక్కడా లేదు.

మొదట్లో అత్త ఆనందం చెప్పనలవి కాదు. ఆమె సాళ్ళు మనిషి ఎత్తు దాటి, ముదురాకుపచ్చగా, గుబురుగా లేచాయి. దుకాణం విత్తనం వాటి పక్కన గిడసబారినట్టు కనిపించేది. అత్త కొంగు నడుముకు దోపుకొని గట్టు మీద నిలబడి, వచ్చేపోయే వాళ్ళను పిలిచి మరీ చూపించేది.

దసరా పోయింది, దీపావళి పోయింది. దుకాణం విత్తనం పసుపు ఆరబోసినట్టు పూసింది. అత్త సాళ్ళలో మొగ్గ కూడా లేదు. ఆకులు మాత్రం ఇంకా ఇంకా వేస్తున్నాయి.

"చూసినవా అమ్మా, నీ విత్తనం ముసల్దైంది" అన్నాడు మా ఆయన. నవ్వుతూనే అన్నాడు. మర్నాడు అత్త పాత చెప్పు ఒకటి తెచ్చి దిష్టికని చేను మధ్యలో కట్టెకు కట్టింది.

నాకు ఒళ్ళు మండింది. ఒకే నేల, ఒకే వాన. ఇన్నేళ్ళు పూసిన విత్తనం ఈ ఒక్క యేడే ఎలా ముసలిదవుతుంది? గడ్డి కోసే వంకతో ఆ సాళ్ళలో అటూ ఇటూ తిరిగాను. అలా తిరుగుతుండగా ఒకచోట పూత కనబడింది. కార్ఖానా కావలివాడి గది వెనక, గట్టు దగ్గర సన్నగా మొదలై లోపలికి పోను పోను వెడల్పయిన ముక్క. అక్కడ అత్త కందే నిండుగా పూసి ఉంది. దానికి ఇటూ అటూ ఒక్క పువ్వు లేదు. నాకు అంతు పట్టలేదు. పొద్దుగూకి బత్తీ వెలిగాక మళ్ళీ వెళ్ళి చూశాను. గది నీడ సరిగ్గా ఆ ముక్క మీదే పడుతోంది. రాత్రి చీకటి దొరికిన చెట్టు పూసింది, దొరకనిది పూయలేదు. ఇంతకంటే తేటగా ఎవరు చెప్పాలి?

పరుగున ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను.

"ఆడరాక మద్దెల ఓడన్నట్టు, విత్తనం చెడితే బత్తీనంటవా? బత్తీ పూలను తింటదా?" అన్నాడు.

"జర ఒచ్చి కండ్లతోని చూడరాదు? గది నీడల ఎట్ల పూసిందో."

"ఊరంతా ఒక తొవ్వ, నీది ఒక తొవ్వ" అని తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. నాలుగడుగుల దూరం వచ్చి చూడలేదు. ఆ రోజు నేను గిన్నెలు కడిగిన చప్పుడు వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది.

సాయిబు దగ్గరికి నేనే వెళ్ళాను. మర్యాదస్థుడు. కుర్చీ వేయించి, చాయ్ తెప్పించాడు.

"అమ్మా, బత్తీ బంద్ జేస్తె తెల్లారేసరికి బండలుండయి. గదే నా ఫికర్. అయినా మీ ఇంటి పటేల్ ఒచ్చి ఒక్క మాట చెప్తె, ఏదన్న రేకు అడ్డం కట్టిపిస్త. ఆయన చెప్పాలె గద."

ఒక్క మాట. ఆ ఒక్క మాట కోసం మా ఆయనను ఎన్నిసార్లు అడిగానో. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. "సాయిబు ముంగట నా ఇజ్జత్ తీస్తవా, కందికి చీకటి గావాలె అని చెప్పమంటవా?" అని నా మీదే అరిచాడు.

అన్నిటికంటే బాధ, అత్త కూడా నమ్మలేదు. "వెలుగు ఎక్కువైతె చెట్టుకు నష్టమైతదా బిడ్డా? నీడల పూసింది గూడ పూతనేనా?" అంది. ఎవరి కోసం పోట్లాడుతున్నానో ఆమే అటు తిరిగి కూర్చుంటే ఇక ఏం చేయాలి! చలి మొదలయ్యాక అత్త మాట్లాడటమే తగ్గించింది. చేనుకు పోవడం మానేసింది.

దుకాణం కంది కోసి, కొట్టి, ఇంటికి చేర్చారు. అత్త సాళ్ళను పచ్చిగానే నరికి బర్రెలకు వేశారు. నీడలో పూసిన ముక్కను మాత్రం నేను ఎవరినీ ముట్టనివ్వలేదు. నా చేతులతోనే కోసి, ఎండబెట్టి, కొట్టి, చెరిగాను. చేటెడు గింజలు వచ్చాయి. "అత్తమ్మా, ఇవి విత్తనానికి" అని చెప్పి కుండలో పోశాను. ఆమె తలూపింది, లేదా ఊపిందనుకున్నాను.

తర్వాత వికారాబాద్‌లో మా అన్న ఇంటికి వెళ్ళాను. అన్న కాలేజీలో చెట్ల చదువు చెప్పేవాడు. నా గోడంతా విని నవ్వలేదు. "నువ్వన్నదే నిజం చెల్లె. కొన్ని చెట్లకు పొడుగు రాత్రి గావాలె. నడుమల వెలుగు పడితె, ఇంకా రాత్రులు పొడుగు కాలేదనుకొని పూతకు రావు. మీ అత్త కంది గసొంటిదే. దుకాణం రకాలకు గంత పట్టింపు ఉండదు" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. నువ్వన్నది నిజం అనే మాట విని ఎన్నాళ్ళయిందో! నాతో వచ్చి ఆ మాటే మా ఆయనకు చెప్పమని పట్టుబట్టాను. మర్నాడు పొద్దున ఇద్దరం తాండూరు రైలెక్కాం.

మేం ఇల్లు చేరేసరికి వంటయింది. అన్నకు, మా ఆయనకు కంచాలు పెట్టి, "నువ్వు గూడ కూసో బిడ్డా, రైలు దిగి ఒచ్చినవ్" అంది అత్త. తింటూ అన్న కంది సంగతి ఎత్తాడు. నేను నెలల తరబడి మొత్తుకున్నదే చెప్పాడు. ఒక్క మాట ఎక్కువ లేదు.

మా ఆయన శ్రద్ధగా విని, "అట్లనా బావా? అయితె రేపే సాయిబుతోని మాట్లాడత. రేకు కట్టిపిస్తడు, మంచోడు" అన్నాడు. నా వైపు చూడను కూడా చూడలేదు. పోనీలే, విత్తనమైతే నిలిచింది అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఆయన తల్లి వైపు తిరిగి, "అమ్మా, నీ విత్తనం మంచిదేనంట. వచ్చే యేడు మంచి జాగల వేద్దాం" అన్నాడు.

పప్పు వడ్డిస్తున్న అత్త గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మా ముగ్గురి కంచాల వైపు చూసింది.

"ఏడుంది బిడ్డా? ముసలి విత్తనం దాచి ఏం జేద్దమని, నిన్ననే ఇసుర్రాయిల పోసి పప్పు ఇసిరిన" అంది.

కంచం ఆయన మొహాన కొట్టాలన్నంత కోపం వచ్చింది. కానీ అత్త నా ఎదురుగానే ఉంది. ఆమె చూస్తుండగా ఆ పప్పును వదిలేసి లేవలేక, తల వంచుకొని ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాను.