వాయిదా పడిన భయం

మా రోలింగ్ మిల్లులో కొందరు బోనస్ కోసం ఎదురుచూస్తారు, కొందరు తమ హీరో సినిమా కోసం, జుట్టు నెరిసినవాళ్లు రిటైర్మెంట్ కోసం. నేను దెయ్యాల గేమ్‌ల కోసం ఎదురుచూస్తాను. ముప్పై దాటి చాలాకాలమైన మనిషి, పైగా క్రేన్ ఆపరేటర్, ఇలాంటి వాటి కోసం క్యాలెండర్ చూసుకుంటాడంటే నవ్వేవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. వాళ్ల హీరో సినిమాల్లో లేని పిచ్చి నా గేముల్లో ఏముంది?

తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఇవి కనిపించినవాణ్ణల్లా కాల్చుకుంటూ పోయే ఆటలు కావు. ఇందులో తూటాలు ఎప్పుడూ చాలవు. మందు సీసా ఒకటి దొరికితే ఇప్పుడే వాడెయ్యాలా, ముందుముందుకి దాచుకోవాలా అని తల బద్దలు కొట్టుకోవాలి. తలుపు అవతల ఏదో కదులుతూ ఉంటుంది. పరిగెత్తాలి, బీరువాలో దూరాలి, ఊపిరి బిగబట్టాలి. ఎవరినీ ఓడించక్కర్లేదు, ప్రాణాలతో బయటపడితే చాలు. వీటిని సర్వైవల్ హారర్ అంటారు. మా బావ మాత్రం వీటన్నిటికీ కలిపి ‘బయం ఆట’ అని పేరు పెట్టాడు.

నిజం చెప్పాలంటే ఆడటం కంటే ఎదురుచూడటమే బాగుంటుంది. ముందు గేమ్ కంపెనీ వాళ్లు ఒక చిన్న వీడియో వదులుతారు. అందులో ఏమీ ఉండదు. ఖాళీ వరండా, కొట్టుకుంటున్న ట్యూబులైటు, ఎక్కడో నీళ్ల చప్పుడు. ఆ తర్వాత నెలల తరబడి అతీగతీ ఉండదు. దేశదేశాల్లో పనీపాటా లేనివాళ్లంతా ఆ వరండాని ఆపి, పెద్దది చేసి, గోడమీద మరక మనిషిదా తడిదా అని కొట్టుకు చస్తుంటారు. నేనూ వాళ్లలో ఒకణ్ణే. క్యాబిన్‌లో కూర్చుని వేడి వేడి ఇనుప కడ్డీల కట్టలు ఎత్తి దించుతూ ఆ మరక గురించి ఆలోచించేవాణ్ణి. పొద్దు తెలిసేది కాదు.

బావంటే మా మేనమామ కొడుకు, నాకంటే కాస్త పెద్ద. వరస ప్రకారం అతను నాకు బావ, నేను అతనికి బావమరిదిని. కానీ ఇద్దరం ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవాళ్లం. గాజువాకలో మేడమీద ఒక గది అద్దెకి తీసుకుని ఏళ్ల తరబడి కలిసి ఉన్నాం. నేను మిల్లులో, అతను ఒక కాంట్రాక్టరు దగ్గర వెల్డరుగా. రాత్రి షిఫ్టు చేసొచ్చి, పొద్దున పడుకుని, మధ్యాహ్నం లేచేవాళ్లం. లోకమంతా ఎండలో పడి పనిచేస్తుంటే మేం కిటికీకి మేకులతో దుప్పటి కొట్టి గది చీకటి చేసుకుని భయపడేవాళ్లం. కింద ఇంటావిడ మా కేకలు విని రెండుసార్లు పైకి వచ్చి, ఎవరైనా పోయారా అని అడిగి వెళ్లింది.

ఏ ఆటైనా ఒక్కడు ఆడేదే, చేత్తో నొక్కే కంట్రోలర్ కూడా ఒకటే. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం. చచ్చినవాడు కంట్రోలర్ రెండోవాడికి ఇచ్చెయ్యాలి. చేతిలో కంట్రోలర్ లేనివాడి పని చెవులు రిక్కించి కూర్చోవడం. ఆడేవాడికి చప్పుళ్లు వినబడవు, భయంతో వాడి చెవులు మూసుకుపోతాయి. పక్కవాడే చెప్పాలి. బావ ఆ పనిలో దిట్ట. మరమరాలు నములుతూ, నావైపు చూడకుండానే, “ఎనకాల ఉన్నాడు బావా, తిరక్కు, అలాగే ఎల్లిపో” అనేవాడు. ఎంత ఘోరం జరిగినా అతని నమలడం ఆగేది కాదు. అతను పక్కనుంటే నాకు భయం భయంలా ఉండేది కాదు, అదో భోగంలా ఉండేది.

ఇప్పుడు చెప్పబోయే గేమ్ తాలూకు మొదటి వీడియో వచ్చినప్పుడు ఒకే మంచం మీద కూర్చుని చూశాం. అయిపోగానే బావ అన్నాడు: “ఇది మాత్రం ఇద్దరం కలిసే మొదలెట్టాల. ఈడియోలు కూడా కలిసే సూడాల. ఒక్కడే సూత్తే ఒట్టే.” సరేనన్నాను. అంతకంటే గట్టిగా నేను ఎవరికీ దేనికీ మాటివ్వలేదు.

ఆ తర్వాత బావకి పెళ్లయింది. కాంట్రాక్టు అయిపోయింది. ఎలమంచిలిలో మామగారి ఎరువుల కొట్టు చూసుకోవడానికి వెళ్లిపోయాడు. మొదట్లో రోజూ ఫోన్ చేసుకునేవాళ్లం, తర్వాత వారానికి, తర్వాత పండగలకి. ఎవరూ ఎవరితోనూ గొడవ పడలేదు. మాటలు వాటంతట అవే అయిపోయాయి.

నేను అదే గదిలో ఉండిపోయాను. పాత ఆటలు ఒక్కణ్ణే ఆడాను. చచ్చిపోయాక కంట్రోలర్ నా చేతిలోనే ఉంటుంది, ఇవ్వడానికి ఎవరూ ఉండరు. మళ్లీ నేనే మొదలుపెడతాను. అలా ఒక మధ్యాహ్నం ఆడుతూ ఆడుతూ నాకు అసలు భయమే వెయ్యట్లేదని గమనించాను. గదిలో ఫ్యాను చప్పుడు, కింద ఆటోల హారన్లు తప్ప ఏమీ లేదు. ఆ రోజు అన్నం కూడా వండుకోలేదు.

కొత్త గేమ్ తాలూకు రెండో వీడియో వచ్చింది, మూడోదీ వచ్చింది. నేను చూడలేదు. మా షిఫ్టులో కొత్తగా చేరిన కుర్రాళ్లు క్యాంటీన్‌లో అదే మాట్లాడుకుంటుంటే పళ్లెం పట్టుకుని దూరంగా వెళ్లి కూర్చునేవాణ్ణి. నాకు పొగరని అనుకున్నారు. అనుకోనిచ్చాను. ఎలమంచిలిలో ఇంకొకడు కూడా ఇలాగే చూడకుండా కాచుకుని ఉన్నాడని నాకు నమ్మకం. ఆ నమ్మకం మీదే ఆ రోజులు గడిచాయి.

చివరికి విడుదల తేదీ చెప్పారు. ఆ రోజు నాకు డ్యూటీ ఉంది. మా దగ్గర మ్యూచువల్ అని ఒక పద్ధతి ఉంది. నీ షిఫ్టు నేను చేస్తాను, నా షిఫ్టు నువ్వు చెయ్యి. నోటిమాట మీదే నడుస్తుంది, ఒకసారి మాట తప్పితే మళ్లీ నీతో ఎవడూ మార్చుకోడు. నేను పక్క క్రేనతన్ని అడిగాను. ముందు అతని షిఫ్టు నేను చేసిపెట్టాను, బదులుగా గేమ్ వచ్చే రోజు అతను నాది చేస్తాడు.

“పెళ్లిసూపులేటి?” అన్నాడతను.

“కాదు.”

“కాదంటే అవునన్నమాట” అని నవ్వి, నా కోసం అందరికీ టీ చెప్పాడు.

బావకి ఫోన్ చేశాను. ఆ రోజు రమ్మన్నాను. “సర్లే బావా, సూద్దాం” అన్నాడు. వెనక ఎవరో యూరియా బస్తాల రేటు అడుగుతున్నారు. నాకు ఆ ‘సర్లే’ చాలా పెద్దమాటలా వినిపించింది. గది కడిగాను. మరమరాలు కూడా కొన్నాను, అబద్ధమెందుకు.

మరుసటి వారమే గేమ్ వాయిదా వేశారు. ఇంకా మెరుగులు దిద్దాలట, ఓపిక పట్టిన అభిమానులకి కృతజ్ఞతలట. కంపెనీ వాళ్ల నోటికి వచ్చిన తేదీని నమ్మి, ముందే ఒళ్లు హూనం చేసుకుని ఇంకొకడి షిఫ్టు చేసి పెట్టినవాడు ప్రపంచంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. మ్యూచువల్ వెనక్కి తీసుకుందామని క్రేనతన్ని అడిగితే ఒప్పుకోలేదు. “ఇప్పుడు మారిత్తే ఎలాగ? ఆ పిల్ల ఏటనుకుంటది?” అన్నాడు. ఏ పిల్ల అని నేను అడగలేదు.

సెలవు మాత్రం మిగిలింది. ఆ రోజు గదిలో కూర్చుంటే పిచ్చెక్కుతుందనిపించింది. గేమ్ రాకపోతే ఏం, చూడకుండా దాచుకున్న వీడియోలు రెండున్నాయి కదా అనుకుని, దువ్వాడలో రైలెక్కి ఎలమంచిలి వెళ్లాను. వస్తున్నానని ముందు చెప్పలేదు. చెబితే వద్దంటాడేమోనని లోపల ఎక్కడో ఉందనుకుంటాను.

బావ కొట్టులో గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఉన్నాడు. ఒళ్లు చేశాడు. నన్ను చూసి గబుక్కున లేచి వచ్చి భుజం పట్టుకున్నాడు. కొట్టు వెనకే ఇల్లు. అతని భార్య చెంబుతో నీళ్లిచ్చి, “ఎండనపడి వచ్చినావు, కూకో అన్నయ్యా, బోజనం ఎట్టేత్తాను” అంది. వాకిట్లో వాళ్ల పాప కొబ్బరి ఆకుతో కోడిని అదిలిస్తోంది. చూడటానికి అచ్చం బావే.

అన్నాలయ్యాక బస్తాల గదిలోకి వెళ్లి కూర్చున్నాం.

“కొత్తది ఇయ్యాల రావాల బావా. వాయిదా ఏసీసినారు” అన్నాను.

“ఏ కొత్తది?” అన్నాడు. తర్వాత గుర్తొచ్చింది. “ఓహో, అదా. ఇంకా రానేదేటి?”

ఆ మాటకే నేను లేచి వచ్చేయాల్సింది. రాలేదు. ఫోన్ తీసి, “ఈడియోలు నాను సూడనేదు, నీకోసం ఉంచినాను” అన్నాను. అతను బస్తా మీద జరిగి చోటిచ్చాడు. పక్కపక్కన కూర్చుని చూడటం మొదలుపెట్టాం. ఈసారి ఆస్పత్రి వరండా. చివరన మూసి ఉన్న తలుపు. తలుపు అవతల చిన్నపిల్ల ఏడుపు. కెమెరా మెల్లగా తలుపు వైపు వెళుతోంది. బావ చెయ్యి చాచి ఫోన్‌ని బస్తా మీద బోర్లించేశాడు.

“ఆపీ బావా. నాను సూడలేను.”

వేళాకోళమనుకుని నవ్వాను.

“నవ్వకు” అని వాకిట్లో పాప వైపు చూపించాడు. “పోయినేడు గుంటకి జొరమొచ్చి ఫిట్సొచ్చినాయి. అనకాపల్లి ఆస్పత్రికి ఎత్తుకుపోనాం. దాన్ని లోపలికి అట్టుకుపోనారు, నన్ను రానియ్యనేదు. వరండాలో నిలబడిపోనాను. తలుపు ఎనకాల అది ఏడుత్తంది. ఏడుపు ఇనబడినంతసేపూ బయమే. ఆగిపోనాక ఇంకా బయం. ఇప్పుడు బాగానే ఉందిలే. కానీ అప్పట్నించీ ఇలాటివి నా వల్ల కాదు.”

నేను వాకిట్లోకి చూశాను. పాప ఇంకా కోడి వెంటే ఉంది.

“నాకెందుకు సెప్పనేదు?” అన్నాను.

“ఏటో బావా... నువ్వు డ్యూటీలో ఉంటావు, ఫోను లాకర్లో ఎట్టీసుంటావు కదా అనీసి. అయినా నీకు సెప్పి ఏటి సేత్తాం?”

అతను తప్పుగా ఏమీ అనలేదు. ఆ సమయంలో నాకు చెప్పడం వల్ల ఒరిగేదేమీ లేదు, నేను వైద్యుణ్ణి కాదు. కానీ అతను ఆ వరండాలో నిలబడ్డ రోజున నేను బహుశా గదిలో పడుకుని, పాత వీడియోలో గోడమీద మరక గురించి ఎవరితోనో వాదిస్తూ ఉండి ఉంటాను. బావ ఆటకి రాకపోతే పోనీ. నిజంగా భయపడ్డ రోజున పక్కన ఉండాల్సినవాళ్లలో నేను అతనికి గుర్తు రాలేదు. అంత చిన్న విషయం నాకు అంతగా తగులుతుందని అనుకోలేదు. వెక్కి వెక్కి ఏడవాలనిపించింది. బస్తాల మధ్య అలాగే కూర్చుని, వేరే మాటలు మాట్లాడాం. వానల గురించి, ఎరువుల రేట్ల గురించి.

సాయంత్రం రైలుకి పంపించడానికి బావ పాపని ఎత్తుకుని స్టేషన్‌కి వచ్చాడు. ప్లాట్‌ఫారం మీద, “వచ్చినాక నువ్వాడుకో బావా. ఒక్కడివి, నీకేటి బయం?” అన్నాడు. ప్రేమగానే అన్నాడు. అది నిజమే. నాకు పోగొట్టుకోవడానికి ఎవరూ లేరు, అందుకే అలాంటి తలుపులన్నీ ధైర్యంగా తెరుస్తాను.

రైలు కదలబోతుండగా చెప్పాను. “ఇంకోపాలి ఏటైనా అయితే మిల్లు ఆఫీసుకి ఫోన్ సెయ్యి, నంబరు పంపుతాను. ఆళ్లు ఎవడినైనా క్రేన్ కిందకి పంపుతారు. కిందనున్నవాడు ఎవడైనా సరే, ఆపమని సెయ్యెత్తితే క్రేన్ ఆపాల్సిందే. అది రూలు. ఆపీసి దిగొచ్చేత్తాను. ఏ షిఫ్టయినా సరే.”

బావ నవ్వబోయి నా మొహం చూసి ఆగాడు. “అలాగే బావా” అన్నాడు. పాప చేతిని పట్టుకుని నావైపు ఊపించాడు.

తలుపు దగ్గరే నిలబడి నంబరు పంపాను. అతను చూసినట్టు ఫోన్‌లో వెంటనే టిక్కు గుర్తు పడింది. అలాంటి ఫోను ఎప్పటికీ రాకూడదనే కోరుకోవాలి, అలాగే కోరుకున్నాను కూడా. కానీ వస్తే మాత్రం నాకే ముందు రావాలని కూడా ఉంది. ఇంత చెడ్డ కోరిక ఒక మనిషికి ఉండొచ్చా అని సిగ్గేసింది. రైలు అనకాపల్లి దాటేదాకా ఆ రెండూ కోరుకుంటూనే నిలబడ్డాను.