ఈ కోపం నాదేనా

పాలు మరీ నీళ్లలా ఉన్నాయని వాకిట్లో పాలాయనను నిలదీస్తే, లోపలి నుంచి మా ఆయన గొంతు వినిపించేది: "ఇయ్యాల గోలి ఏసుకున్నవా?" నల్లాలో నీళ్లు రాలేదని విసుక్కుంటే అదే ప్రశ్న. టీవీ చప్పుడు తగ్గించమంటే అదే ప్రశ్న. ఆ అడగడంలో వెటకారం ఉండేది కాదు, అందుకే నాకు ఇంకా మండేది. వెటకారమైతే తిరిగి ఒక మాట అనవచ్చు. ప్రేమగా అడిగే మనిషిని ఏమంటాం?

ఆ గోలి మనసు జబ్బుకు. గద్వాలలో ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పే రోజుల్లో, గర్భసంచి తీసేసిన ఏడాదికి నాకు ఆ జబ్బు వచ్చింది. సుద్దముక్క పట్టుకుని నల్లబల్ల ముందు నిలబడితే చెయ్యి లేచేది కాదు. తల దువ్వుకోవడం కూడా కొండ ఎక్కినంత పని అయింది. తిండి సహించదు, నిద్ర రాదు. దిష్టి తీశారు, తాయెత్తు కట్టించారు, గుళ్లు తిప్పారు. చివరికి మా ఆయన నన్ను రైలెక్కించి కర్నూలు తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు రాసిన మాత్ర నన్ను బతికించింది. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే మందులన్నీ విషమని చెప్పేవాళ్లు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు, వాళ్లతో నన్ను కలపకండి. ఆ మాత్ర లేకపోతే నేను మళ్లీ బడికి పోయేదాన్ని కాదు, ఇవాళ ఇలా రాసేదాన్నీ కాదు.

బతికించింది, సరే. కానీ పదేళ్లు దాటి వేసుకుంటూ పోయేసరికి నేను గంగిరెద్దునయ్యాను. ఎవరేమన్నా తల ఊపడమే. పండక్కి ఏ చీర తేవాలి అంటే ఏదైనా సరే. బంధువులు వస్తున్నారంటే సరే. వడ్డేపల్లి దగ్గర బోరు కింద నా పేరు మీద ఉన్న చేను సీడు పత్తికి ఇద్దామంటే, దానికీ సరే. మా కాపురంలో అంత ప్రశాంతమైన కాలం లేదని చుట్టాలు మెచ్చుకునేవారు. నోట్లో నాలుక లేని మనిషి అని నాకు పేరు కూడా వచ్చింది. నన్ను చిన్నప్పటి నుంచి ఎరిగినవాళ్లు వింటే పడీ పడీ నవ్వేవాళ్లు.

రిటైరయ్యాక, రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లకు, ఇక చాలు అనిపించింది. బాగానే ఉన్నాను కదా, ఇంకా ఎందుకు అనుకుని ఒకరోజు నా అంతట నేనే మానేశాను. వారం తిరగకముందే తల ఇటు తిప్పితే లోపల జిల్లుమనేది, కరెంటు తీగ తగిలినట్టు. కడుపులో తిప్పడం, నిద్ర పట్టకపోవడం, చెమటలు. మళ్లీ జబ్బు తిరగబెట్టిందని ఇంటిల్లిపాదీ హడలిపోయారు. మా ఆయన మళ్లీ రైలెక్కించాడు.

డాక్టరు తిడతాడనుకున్నాను. ఆయన నవ్వి, "శ్రీశైలం ఘాటు దిగే బస్సులో డ్రైవరు తొందరపడితే మీరు ఊరుకుంటారా అమ్మా?" అన్నాడు. జబ్బు తిరిగి రాలేదట, ఒక్కసారిగా ఆపినందుకు ఒళ్లు తిరగబడిందట. తగ్గించాలనుకోవడం మంచిదే, కానీ తనకు చెప్పి, కొద్దికొద్దిగా, ఒక్కో తగ్గింపు తర్వాత కొన్ని నెలలు ఆగి చూడాలన్నాడు. ఈ వయసులో ఒంటికి సర్దుకోవడానికి ఎక్కువ టైం పడుతుందన్నాడు. "ఏడాది పట్టొచ్చు, రెండేళ్లు పట్టొచ్చు. మీకేం రైలు తప్పిపోదు కదా," అన్నాడు. నిజమే, కర్నూలు నుంచి గద్వాలకు రైలు ఎప్పుడూ ఆలస్యమే.

మానేసిన మాత్ర మళ్లీ వేసుకుని, అలా తగ్గించడం మొదలుపెట్టాం. పెద్ద మాత్ర నుంచి చిన్నదానికి వచ్చాం, చిన్నదాని నుంచి సగానికి. సగం చేయడానికి మా అత్తగారి అడకత్తెర తీశాను. వక్కలు కోసి కోసి అరిగిన అడకత్తెర, మాత్రను చూసి రెచ్చిపోయింది. ఒక ముక్క పొడైంది, ఇంకో ముక్క మంచం కిందికి ఎగిరింది. మా ఆయన బ్యాటరీ లైటు పట్టుకుని వంగి వెతుకుతుంటే, ఆయన నడుము పట్టేసింది. ఆ రోజు మాత్ర నాకు, నొప్పి మందు ఆయనకు. తర్వాత నుంచి మధ్యలో గీత ఉన్న మాత్రలు అడిగి తెచ్చుకున్నాం, చేత్తో విరిస్తే చక్కగా రెండవుతాయి.

సగానికి వచ్చాక కొన్నాళ్లకు లోకం కొంచెం గట్టిగా వినిపించడం మొదలైంది. పచ్చడిలో కారం తెలిసింది. పక్కింటి కోడలు పాడుకుంటూ బట్టలుతుకుతుందని అన్నేళ్లకు గమనించాను. అన్నింటికంటే ముందు, బంధువులందరినీ తోసుకుని, నా కోపం వచ్చి ఇంట్లో కూర్చుంది. పాలాయన సంగతి చెప్పాను కదా, అదంతా అప్పటి మాటే.

ఎండాకాలంలో ఒకరోజు మా ఆయన చేతిలో కాగితం పట్టుకుని వచ్చాడు. ఎప్పటిలాగే, విత్తనాల కంపెనీ తరఫున సీడు పత్తి వేయించే ఆర్గనైజరుకు చేను ఇస్తున్నామని, సంతకం పెట్టమని. సీడు పత్తి గురించి తెలియనివాళ్లకు ఒక మాట: అందులో విత్తనం కోసం ఒక పువ్వు పుప్పొడిని ఇంకో పువ్వుకు చేత్తో అద్దాలి, తెల్లారింది మొదలు. సన్నటి వేళ్లు కావాలి, వంగే పని లేకుండా చెట్టంత ఎత్తే ఉండాలి. అంటే ఆడపిల్లలు. వానాకాలం బడి తెరిచి రెండు నెలలు తిరగకముందే నా తరగతిలో బెంచీలు ఖాళీ అయ్యేవి. ఆ పిల్లలు ఎక్కడికి పోయారో నాకు తెలుసు. నా చేనుకు కూడా పోయారు. అది కూడా తెలుసు. తెలిసీ అన్నేళ్లు సరే అన్నాను, ఏమీ అనిపించలేదు కాబట్టి.

ఈసారి అనిపించింది. "నేను పెట్ట," అన్నాను.

"ఎందుకే?"

"నా చేన్ల చిన్నపిల్లలు పనిజేసుడు వద్దు. పల్లికాయ ఎయ్యి, కంది ఎయ్యి. గా పత్తి వద్దు."

"మాటిచ్చిన గద."

"చేను నాది. మాట నన్నడిగి ఇయ్యాలె."

గొంతు లేచింది, నాకే తెలిసింది. మా ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. "జర నిమ్మలంగుండు. పరేషాన్ గాకు. గోలి తగ్గించినంక నువ్వు గిట్ల అయితున్నవ్. రేపు కర్నూలు పోదాం, మల్ల మొత్తం గోలి రాపిచ్చుకుందాం."

ఆ నీళ్లు తాగుతూ నాకు భయం వేసింది. ఆయన మీద కాదు, నా మీద. ఒకవేళ ఆయనన్నదే నిజమేమో. ఈ కోపం నాది కాదేమో, రోగం పంపిన కోపమేమో. నేను పిల్లల గురించి అంటున్నాననుకుంటున్నాను, నా తలలో ఏదో తగ్గి అలా అనిపిస్తుందేమో. అన్నేళ్లు మాత్ర మీద బతికిన మనిషికి, తనలో ఏది తనది, ఏది మందుది, ఏది జబ్బుది అని ఎలా తెలుస్తుంది? ఆ రాత్రి నేను దేనికీ భయపడనంతగా దానికి భయపడ్డాను.

కర్నూలు పోయాం. డాక్టరు నిద్ర అడిగాడు, తిండి అడిగాడు, పొద్దున లేవాలనిపిస్తుందా అని అడిగాడు. అన్నీ బాగానే ఉన్నాయి. కోపం సంగతి మా ఆయన చెప్పాడు, నాకంటే వివరంగా. డాక్టరు నా వైపు తిరిగాడు. "నేను మిమ్మల్ని జబ్బుతోనే చూశాను. అంతకుముందు మీరెలా ఉండేవారో నాకు తెలియదు. చూసినవాళ్లుంటే అడగండి. నెల తర్వాత రండి, అప్పటిదాకా ఈ సగం మాత్ర ఇలాగే వేసుకోండి."

చూసినవాళ్లు నాగర్‌కర్నూలులో ఉన్నారు, మా అక్క, బావ. పెళ్లయిన దగ్గర్నుంచి అక్కడే ఉంటారు. మా ఆయనకు చెప్పి, ఒక్కదాన్నే బయల్దేరాను. ఆయన బస్టాండు దాకా వచ్చి మాత్రల సంచి నా చేతిలో పెట్టాడు. బీచుపల్లి వంతెన మీద కిటికీ పక్క సీటు దొరికింది, కృష్ణలో నీళ్లు తక్కువ, బండలే ఎక్కువ. వనపర్తిలో బస్సు మారాను. నా కోపానికి సాక్ష్యం వెతుక్కుంటూ పోతున్నానని తలుచుకుంటే, గోపాల్‌పేట దాటాక నవ్వొచ్చింది. పక్క సీటామె కొంచెం జరిగి కూర్చుంది.

అన్నాలు తిన్నాక అక్కను సూటిగా అడిగాను. "అక్కా, రోగం రాకముందు నేనెట్లుంటుంటి?"

అక్క తమలపాకు మడుస్తూ, "ఎట్లుంటుంటివి, గిట్లనే. ముక్కు మీదుంటుండె కోపం," అంది.

మంచం మీద పడుకున్న బావ లేచి కూర్చున్నాడు. బావకు ఈ కథ చెప్పడమంటే మహా ఇష్టం. ఆయన అక్కను చూడవచ్చిన రోజు, నాకు అప్పుడు పదేళ్లుంటాయేమో, వాళ్ల పెద్దమనిషి ఒకాయన పిల్ల నడక చూడాలన్నాడట. అక్క వాకిట్లో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడిచింది. అది కాగానే నేను గుమ్మంలో నిలబడి, "మల్ల పిలగాడు గూడ నడువాలె," అన్నానట. మా నాన్న చెయ్యి ఎత్తాడట. బావ మాత్రం ఏమీ అనకుండా లేచి, ధోవతి సర్దుకుని, అంతమంది ముందు ఆ చివరి దాకా నడిచి వచ్చాడట.

"గంత మంది ముందర నడిపిచ్చినవ్ నన్ను," అన్నాడు బావ. "గప్పుడేం గోలి ఏసుకుంటివి?"

"గట్ల నడిచిండనే చేసుకున్న," అంది అక్క.

ముగ్గురం నవ్వుకున్నాం. కానీ అక్క నవ్వు ముందు ఆగింది. తమలపాకు నా చేతిలో పెడుతూ చెప్పింది: "రోగం వచ్చినప్పుడు నేను గద్వాలకొచ్చి చూసిన. జడ ఏసుకోకుండ గోడకు కూసుంటివి. లేపాలని కావాలనే తిట్టిన, నోటికొచ్చినట్ల తిట్టిన. నువ్వు ఒక్క మాట అనలే. నీకు కోపం రాలే. గప్పుడైంది నాకు భయం."

నాకు కావలసింది అదే. ఆ రోజులు నాకు సరిగా గుర్తు లేవు, ఆమెకు ఉన్నాయి. జబ్బు నా కోపాన్ని పెంచలేదు, ఎత్తుకుపోయింది. పదేళ్లప్పుడు గుమ్మంలో నిలబడి అడిగిన పిల్లే ఈ చేను దగ్గర వద్దంటున్నది, ఇంకెవరూ కాదు. మరునాడు బస్సులో గద్వాలకు వస్తుంటే నా ఒళ్లు తేలిగ్గా ఉంది.

ఇంటికి వచ్చిన సాయంత్రమే మా ఆయనతో చెప్పాను. సంతకం పెట్టనని, ఇది రోగం మాట కాదు నా మాటని, రోగం వస్తే నేనే ముందు కర్నూలు పోదామంటానని. ఆయన ఈసారి మంచినీళ్లు తేలేదు. ఆయనకూ కోపం వచ్చింది.

"మనం ఇయ్యకుంటే పక్క చేన్లకు పోతరు గా పిల్లలు. నువ్వేం ఆపుతవ్?"

"పక్క చేను నాది గాదు. ఇది నాది."

"నలుగుట్ల నా మాట పోతది."

"పోతే నా పెండ్లాం ఒప్పుకోలే అని చెప్పు, కావాలంటే నేనొచ్చి చెప్త."

"నీకేమెరుక ఎవుసం. బడిల కూసొని జీతం తీసుకున్నవ్."

"నీకేమెరుక ఆ పిల్లల పేర్లు. నాకు అందరియి తెలుసు."

ఇద్దరం అరిచాం. వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు కూడా. నేను మొత్తం పాత లెక్కలు తీశాను, ఆయనా తక్కువ తినలేదు, మా పుట్టింటివాళ్లను కూడా లాగాడు. చివరికి జేబులోంచి కాగితం తీసి చించాడు, కోపంగానే. ఆ తర్వాత ఆయన అరుగు మీద కూర్చున్నాడు. కొంచెం సేపటికి నేనూ పోయి పక్కన కూర్చున్నాను.

"ఎన్నేండ్లయిందే," అన్నాడు, వీధి వైపు చూస్తూ, "నువ్వు నాతోని కొట్లాడక."

నేను ఆయన వైపు తిరిగాను.

"ఏం చెప్పినా సరే అంటివి. ఏదడిగినా నీ ఇష్టం అంటివి. నువ్వు బతికున్నవు, గదే చాలు అనుకున్న. కని ఇంట్ల నేనొక్కన్నే ఉన్నట్టుండె."

నాకు ఏడుపు వచ్చింది. నిండు మాత్ర వేసుకునే రోజుల్లో మా అమ్మ పోయినప్పుడు కూడా రాలేదు, నలుగురూ చూస్తారని కొంగు అడ్డం పెట్టుకున్నానే తప్ప. ఇప్పుడు గొంతు చించుకుని వచ్చింది. నా ఒక్కదానికే అన్నేళ్లు పోయాయనుకున్నాను, ఆ మనిషికీ పోయాయి. ఆయన కంగారుగా లేచాడు, ఫోన్ దగ్గరికి, కర్నూలు డాక్టరుకు చేయడానికి.

"కూసో," అన్నాను. "ఇది ఏడుపే. ఏడ్వనీ."

ఆయన నా ముఖంలోకి చూశాడు. తర్వాత వచ్చి పక్కన కూర్చుని, నా ఏడుపు అయ్యేదాకా ఉన్నాడు.