నల్లటి మానిటర్ ముందు ఆరు నెలలు

2023 వానాకాలం. అనకాపల్లి జిల్లా అయి ఏడాది దాటింది. కొత్త ఆఫీసులు, కొత్త బోర్డులు వచ్చాయి గానీ మా బస్టాండు దగ్గర గుంటలు మాత్రం పాతవే. ఆ గుంటలకు ఎదురుగా నా కంప్యూటర్ రిపేరు షాపు. లోపలికి వచ్చేవాళ్ళలో సగం మంది నన్ను చూసి, "మెకానిక్ లేరా అమ్మా?" అని అడుగుతారు. "ఉన్నాడు, లోపల చీర కట్టుకుంటున్నాడు" అని జవాబు చెప్పడం నాకు ఇరవై ఏళ్ళ అలవాటు.

మా పనిలో గుట్టు ఒకటుంది, చెప్పేస్తాను. కంప్యూటర్‌కి ఏ జబ్బు చేసినా ముందు అందులోని ర్యామ్ ముక్కను బయటికి తీసి, పిల్లలు పెన్సిల్ గీతలు చెరుపుకునే రబ్బరుతో దాని అంచు రుద్ది మళ్ళీ పెడతాం. సగం కేసులు అక్కడితో లేచి కూర్చుంటాయి. మిగతా సగానికి ఫార్మాట్, అంటే డిస్కు మొత్తం తుడిచేసి కొత్తగా విండోస్ ఎక్కించడం. ఈ రెండు మందులతోనే నా సంసారం గడిచింది.

ఆగస్టులో ఒక ఉదయం రూతమ్మగారు ఆటో దిగారు. చేతుల్లో దుప్పటి చుట్టిన సీపీయూ. నెల కిందటే ఆవిడ భర్త పోయారు. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయిన జాన్ మాస్టారు. ఆ సీపీయూని ఐదేళ్ళ కిందట నేనే బిగించి ఇచ్చాను. మాస్టారికి విండోస్ అంటే గిట్టదు. ఎవరైనా విప్పి చూసుకోగలిగిన లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమే కావాలని పట్టుబట్టి, నాకు రాకపోతే నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుని నేర్పించారు. ప్రశ్నపత్రాలు తయారుచేసే రోజుల అలవాటు కొద్దీ డిస్కుకు ఎన్‌క్రిప్షన్ కూడా పెట్టించుకున్నారు. అంటే డిస్కు మొత్తానికి తాళం. పాస్‌ఫ్రేజ్ అనే పొడుగాటి మాట కొడితే తప్ప లోపలున్నది ఎవరికీ అర్థం కాదు.

"బొమ్మ రాటం నేదమ్మా. నల్లగా ఉండిపోతంది. ఇందులో ఆయన నాకేటైనా రాసి పెట్టేరేమో సూడు," అన్నారు రూతమ్మగారు. పాస్‌ఫ్రేజ్ మాస్టారు ఎప్పుడో ఆవిడ బైబిల్ అట్ట లోపల రాసి ఇచ్చారట. ఆ బైబిల్ కూడా తెచ్చారు.

ఏం రాసి ఉంటారని వెతుకుతున్నారో నాకు తెలుసు. ఊరంతా అనుకుంటున్న మాటే. పట్టపగలు, మలుపు లేని రోడ్డు, పొద్దున్న తొమ్మిది గంటలు. సిమెంటు బస్తాలతో వస్తున్న బ్యాటరీ ఆటో కిందికి మాస్టారు నడిచి వెళ్ళిపోయారు. ఆటో నడిపిన అతను పోలీసుల ముందు ఏడుస్తూ, "నా వేపే సూసి అడుగేసేరు సార్" అని చెప్పాడు. ఆ ఒక్క మాటతో, కావాలనే ప్రాణం తీసుకున్నారని అందరూ తేల్చేసుకున్నారు. చర్చిలో ఆవిడ పక్కన కూర్చునేవాళ్ళు కూడా ఒక మనిషంత జాగా వదిలి కూర్చుంటున్నారని విన్నాను.

ర్యామ్ తీసి రుద్దాను. మానిటర్ మార్చాను. కేబుల్ మార్చాను. మా భాషలో దీన్ని బ్లాక్ స్క్రీన్ అంటారు. కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కితే దీపం వెలిగి ఆరుతోంది కాబట్టి మిషను బతికే ఉంది. బొమ్మను గీసి మానిటర్‌కి పంపే గ్రాఫిక్స్ కార్డుకీ, ఆపరేటింగ్ సిస్టమ్‌కీ మధ్య దుబాసీ లాంటి ప్రోగ్రాం ఒకటుంటుంది, డ్రైవర్ అంటారు. అది పడిపోయి ఉంటుందనుకున్నాను. పాస్‌ఫ్రేజ్ అడిగే గడి కనబడకపోయినా గుడ్డిగా టైపు చేసి ఎంటర్ కొట్టాను. డిస్కు లైటు టకటకా కొట్టుకుంది. మానిటర్ మాత్రం నల్లగానే ఉంది.

అప్పుడు డిస్కు ఊడదీసి నా షాపు మిషనుకు తగిలించాను. నాది విండోస్. తాళం వేసిన డిస్కును చూస్తే దానికి తలా తోకా తెలియదు, ఖాళీ అనుకుంటుంది. ఈ డిస్కును ఫార్మాట్ చేయమంటారా అని అడిగింది. రోజుకి పదిసార్లు ఆ ప్రశ్నకు ఔనని నొక్కే చెయ్యి నాది. బాణం గుర్తు అప్పటికే ఆ మీట మీదికి వెళ్ళిపోయింది.

"ఏటమ్మా అడుగుతంది?" అన్నారు రూతమ్మగారు.

"మొత్తం తుడిచేయమంటారా అని."

ఆవిడ నా మణికట్టు పట్టుకున్నారు. పూడిమడకలో పుట్టి, చిన్నప్పుడు వలలు లాగిన చెయ్యి అది. అంత గట్టిగా పట్టుకుంటారని అనుకోలేదు.

"తుడిసీకమ్మా. మా ఇంటికాడయితే అది మాటాడతాది."

"ఏది?"

"ఇదే. నల్లగానే ఉంటాది గానీ మాటాడతాది. ఆయన పోయిన పదోనాడు మీట నొక్కి ఆ మాట కొట్టేను. గదిలో ఎవురో మాటాడినట్టయింది. బయమేసి వైరు పీకేసినాను."

దుఃఖంలో మనిషికి ఏవేవో వినిపిస్తాయి. నేను అదే అనుకున్నాను. కాదని చెప్పే ధైర్యం లేక, డిస్కు తిరిగి బిగించి, మధ్యాహ్నం సీపీయూ తీసుకుని ఇంటికి వస్తానన్నాను.

వాళ్ళ ఇల్లు పూడిమడక వెళ్ళే రోడ్డు పక్క వీధిలో. సన్నగా తుంపర పడుతోంది. మాస్టారి గది ఆయన వదిలి వెళ్ళినట్టే ఉంది. బల్ల, కుర్చీ, మానిటర్, రెండు చిన్న స్పీకర్లు. ఆ స్పీకర్లు సంక్రాంతి ముందు నా దగ్గరే కొన్నారు. "ఈ వయసులో పాటలా మాస్టారూ?" అని ఏడిపిస్తే, "పాటలు కాదు గౌరీ, మాటలు" అన్నారు. రసీదు ముందు పెడితే చూడకుండా, "నువ్వే చదువు" అన్నారు. లెక్చరర్ దర్జా అనుకున్నాను.

ఆయన కీబోర్డు మీద కొన్ని అక్షరాలకు, పైపు లీకులకు పూసే ఎం-సీల్ చుక్కలు అంటించి ఉన్నాయి. మురికనుకుని గోటితో గీకబోయి, ఎందుకో ఆగాను.

సీపీయూ తగిలించి మీట నొక్కాను. మానిటర్ నలుపు. పాస్‌ఫ్రేజ్ కొట్టాను. గదిలో మేమిద్దరమే ఉన్నాం. ఫ్యాను చప్పుడు, బయట చూరు నీళ్ళ చప్పుడు. నిమిషం గడిచింది. అప్పుడు స్పీకర్లలోంచి ఒక మగ గొంతు, బొంగురుగా, మనిషిదీ కాదు మరొకటీ కాదన్నట్టు, ముక్కలు ముక్కలుగా తెలుగులో పలికింది.

"హోమ్. ఫోల్డర్."

రూతమ్మగారు గోడకు ఆనుకుపోయారు.

"ఇదే. పొద్దుపొద్దున్నే తలుపేసుకుని కూసునీవోరు. లోపల్నుంచి ఈ గొంతే ఇనపడీది. ఎవురితో మాటాడతన్నారంటే, ఎవురితోనూ కాదు అనీవోరు."

బాణం మీట నొక్కాను. నల్లటి మానిటర్ ముందు ఆ గొంతు నెమ్మదిగా, "అడుగులు" అంది.

నేను లేచి సీపీయూ వెనక్కి వెళ్ళాను. నిజం చెప్పాలంటే పనికోసం కాదు, ఆ మానిటర్‌కి ఎదురుగా కూర్చోలేక. అక్కడ కనబడింది నల్ల టేపు. మా వాళ్ళందరికీ ఒక అలవాటు ఉంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు బిగించినప్పుడు, మదర్‌బోర్డుకే ఉన్న మానిటర్ సాకెట్టుకు అడ్డంగా టేపు వేసేస్తాం, కస్టమర్లు పొరపాటున అందులో పెట్టకుండా. ఐదేళ్ళ కిందట ఆ టేపు వేసింది నేనే. కార్డు డ్రైవర్ పడిపోతే లినక్స్ ఊరుకోదు, మదర్‌బోర్డు వైపు నుంచి బొమ్మ పంపుతుంది. బొమ్మ ఎప్పటినుంచో వస్తూనే ఉంది, నా టేపు వెనకాల. పొద్దున్న షాపులో కూడా ఆ టేపును నా కళ్ళు దాటుకుంటూ పోయాయి.

టేపు పీకి కేబుల్ అందులోకి మార్చాను. మానిటర్ వెలిగింది. నల్లటి నేపథ్యం మీద పచ్చటి అక్షరాలు, ఒక్కొక్కటి నా అరచేయంత. తెర మొత్తంలో ఒకే మాట పట్టింది. అడుగులు.

ముందు లాగ్ తెరిచాను. మిషను తనకు జరిగిందంతా తనే రాసుకునే దినచర్య లాంటిది అది. ఫిబ్రవరిలో ఒక రోజు సిస్టమ్ తనంతట తను అప్‌డేట్ అయింది, పాత డ్రైవర్‌కీ కొత్త సిస్టమ్‌కీ పొసగలేదు, డ్రైవర్ ఎక్కలేదు. ఆ మర్నాడు పొద్దున్న ఆరింటికి మిషను వేశారు, డ్రైవర్ ఎక్కలేదు. ఆ మర్నాడూ అంతే. మార్చి, ఏప్రిల్, మే. ఒక్క రోజు తప్పకుండా ఆరింటికి ఎవరో పాస్‌ఫ్రేజ్ కొట్టి, రెండు గంటలు పనిచేసి, పద్ధతిగా ఆపారు. ఆయన పోయిన రోజు వరకూ.

"పిన్నిగారూ, మాస్టారు కూర్చున్నప్పుడు ఇది వెలిగేదా?"

"నేదమ్మా. నల్లగానే ఉండీది. దానెదర కూసుని దాన్నే సూత్తా ఉండీవోరు. ఒకపాలి అడిగేను, ఇందులో ఏటి కనపడతంది మీకు అని. నాకు అన్నీ కనపడతన్నాయి రూతూ అన్నారు." ఆవిడ కొంగుతో మానిటర్ అంచు తుడిచారు. "మతి సెదిరిందనుకున్నాను. అందుకే జనం ఆ మాటంటే... నానూ నమ్మేసినాను గౌరమ్మా."

నాకు అప్పుడు అర్థమైంది. ఆ గొంతు స్క్రీన్ రీడర్, తెర మీద ఉన్నది చదివి వినిపించే ప్రోగ్రాం. చూపు లేనివాళ్ళు వాడతారు. మొదట అక్షరాలు పెద్దవి చేసుకున్నారు. అవీ ఆనకపోయేసరికి చెవితో పని మొదలుపెట్టారు. డ్రైవర్ పాడైన సంగతి ఆయనకు తెలిసే అవకాశమే లేదు. వెలిగినా ఆరినా ఆయనకు తెర ఒకటే.

ఒక ఫోల్డర్‌లో కంటి ఆసుపత్రి కాగితాలు స్కాన్ చేసి ఉన్నాయి. నీటికాసులు, అంటే గ్లకోమా, రెండు కళ్ళకూ. నరం చచ్చిపోయింది, పోయిన చూపు తిరిగి రాదు అని డాక్టరు రాసిన మాట. ఉత్తరం ఎక్కడా లేదు. ఉన్నది 'అడుగులు' అనే ఫైలు ఒక్కటే. రూతమ్మగారికి ఆ అక్షరాలు గుమ్మం దగ్గర్నుంచే కనబడుతున్నాయి. అయినా, "నువ్వు సదువమ్మా" అన్నారు.

చదివాను.

"మంచం నుంచి కుర్చీ ఆరు. గది గుమ్మం నుంచి వీధి గేటు పద్నాలుగు, గొళ్ళెం కుడిచేతికి. గేటు నుంచి పాల బూతు అరవై రెండు, మధ్యలో కాలువ మీద పలక కదులుతుంది. చర్చి మెట్లు ఐదు, మూడోది అరిగింది. రోడ్డు దాటడం పదకొండు. రెండు వైపులా తిరిగి వినాలి, ఏ చప్పుడూ లేనప్పుడే అడుగు వేయాలి. రూతుకి ఇప్పుడే చెప్పను, కంగారు పడుతుంది. ఇరవై సార్లు తప్పు లేకుండా దాటాక చెబుతాను."

కింద ఒక్కో రోజుకు ఒక్కో అంకె. చివరిది పదిహేడు.

కూర గిన్నెలో చెయ్యి పెట్టేశారని ఒకరోజు ఆయన మీద విసుక్కున్నానని, కుటుంబ ప్రార్థనలో వాక్యం నువ్వే చదువు అంటే బద్ధకం అనుకున్నానని ఆవిడ తర్వాత చెప్పారు. అప్పుడు మాత్రం ఒక్కటే అడిగారు.

"బ్యాటరీ ఆటోకి సప్పుడు ఉంటాదా?"

"ఉండదు పిన్నిగారూ."

"అయితే సూసి కాదమ్మా," అన్నారు. "ఇని అడుగేసేరు."

నేను ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. నెల రోజులుగా మోస్తున్నది దించుకున్న మనిషిలా కుర్చీలో కూర్చుని, ఎం-సీల్ చుక్కల మీద వేళ్ళు పెట్టి ఒక్కొక్కటీ తడిమి చూశారు. ఆ ఫైలూ డాక్టరు కాగితమూ ప్రింటు తీసిమ్మన్నారు. ఎన్ని అని అడిగాను.

"సర్చిలో ఒకటి. ఆటో అబ్బాయికి ఒకటి. తనని సూసి అడుగేసేరనుకుని కూడు తినటం నేదట పాపం."

మర్నాడు కొత్త సిస్టమ్‌కి సరిపడే డ్రైవర్ ఎక్కించి, కేబుల్ మళ్ళీ కార్డుకే తగిలించాను. మానిటర్ మామూలుగా వెలిగింది. అక్షరాలు చిన్నవి చేయనా అంటే వద్దన్నారు. గొంతు తీసేయనా అంటే అదీ వద్దన్నారు. ప్రింట్లు చేతికిచ్చాక ఆవిడ గది గుమ్మంలో నిలబడి కళ్ళు మూసుకున్నారు. ఒకటి, రెండు అని పైకే లెక్కపెట్టుకుంటూ వానలోకి దిగారు. నేను గుమ్మంలోనే ఉండిపోయాను. పద్నాలుగు అన్నారు. కుడిచెయ్యి చాచారు. గొళ్ళెం చేతికి తగిలింది. కళ్ళు తెరవకుండానే గేటు తీసుకుని, కాగితాలు కొంగు కింద పెట్టుకుని ఆటో స్టాండు వైపు వెళ్ళారు.

ఆ తర్వాత నేను మదర్‌బోర్డు సాకెట్టుకు టేపు వేయడం మానేశాను. ఫార్మాట్ అన్న మాట నా నోట అంత తేలిగ్గా రావడం లేదు. బ్లాక్ స్క్రీన్ అంటూ ఎవరు సీపీయూ తెచ్చినా ర్యామ్ రుద్దే ముందు రెండు పనులు చేస్తాను. దీని ముందు ఎవరు కూర్చునేవాళ్ళని అడుగుతాను. తర్వాత స్పీకర్లు తగిలించి, షాపులో ఫ్యాను ఆపి, ఒక నిమిషం వింటాను.