తాలింపు మానేసిన పది రోజులు

డెబ్బైల మొదట్లో, పామర్రులో ప్రాక్టీసు పెట్టిన కొత్తలో, నాకు చదువు ఎంత ఉండేదో నోరు అంతకు రెండింతలు ఉండేది. బస్టాండుకు దగ్గరలో రెండు గదుల అద్దె ఇల్లు. ముందు గదిలో రోగులకు బెంచీ, లోపలి గదిలో నేను, మధ్యలో ఒక పూల పరదా. లోపల నేను ఎవరిని తిట్టినా బెంచీ మీదున్న వాళ్ళందరికీ అందులో వాటా దక్కేది. మంచిదే అనుకునేదాన్ని. ఒకరికి చెబితే పదిమందికి బుద్ధి వస్తుంది కదా అని.

ఒకరోజు పొద్దున్నే ఒక ముసలమ్మను అలాగే ఉతికి ఆరేశాను. మనవరాలికి ఆటలమ్మ పోస్తే, పొక్కులు చీము పట్టేదాకా వేపమండలతో విసురుతూ కూర్చుంది. "ఇన్నాళ్ళూ వేపాకులతో గడిపి ఇప్పుడు నా దగ్గరికెందుకు? ఆ అమ్మవారినే మందిమ్మనకపోయారా?" అన్నాను. ఆవిడ మందు తీసుకుని తల వంచుకుని వెళ్ళిపోయింది.

ఆ తరువాత పరదా తొలగించుకుని వచ్చింది ఒక మాస్టారి కుటుంబం. ఆయన పక్క ఊళ్ళో బడిపంతులు, వాళ్ళ చర్చిలో సంఘపెద్ద. వెనకాలే భార్య, ఆవిడ చంకలో ఏడేళ్ళ కూతురు. అంత పిల్లను ఎత్తుకోవడమేమిటని విసుక్కుంటూ దించమన్నాను. దించింది. పిల్ల కాళ్ళు ఎడంగా పెట్టి రెండడుగులు వేసి, కల్లు తాగిన మనిషిలా తూలి నా బల్ల పట్టుకుంది. నా విసుగంతా ఎగిరిపోయింది.

నాలుగు రోజులుగా ఇంతేనట. గ్లాసు అందుకోబోతే చెయ్యి పక్కకు పోతోంది. మాట సాగుతోంది. వేలితో ముక్కు ముట్టుకోమంటే చెంప పొడుచుకుని, అదేదో ఆట అయినట్టు నవ్వింది.

"ఈ నెల్లో ఒంటిమీద ఏమైనా వచ్చిందా? ఆటలమ్మ గానీ, పొంగు గానీ?"

"ఏమీ లేదండీ," అన్నారు మాస్టారు వెంటనే. భార్య పమిట చెంగు వేలికి చుట్టుకుంటూ నేల చూస్తోంది.

నమ్మాను. నమ్మి, మెదడు వెనక భాగంలో గడ్డ ఉందేమోనని భయపడ్డాను. గడ్డ ఉంటే కనిపించే వాపు కోసం లైటు వేసి కళ్ళలోకి చూస్తే లోపల బాగానే ఉన్నట్టుంది. కానీ అప్పట్లో నా చూపు మీద నాకే అంత నమ్మకం లేదు. తల లోపల ఏముందో చూసే యంత్రాలు బెజవాడలో కూడా లేని రోజులవి. మద్రాసు పంపాలి, అక్కడ పుర్రె తెరవాల్సి రావచ్చు. ఆ మాట ఎంత మెత్తగా చెప్పినా తల్లి నేలమీద కూలబడిపోయింది.

మద్రాసుకు ఉత్తరం మొదలుపెట్టాను. పిల్ల నా స్టెతస్కోపు గొట్టం లాగుతుంటే, దాని ధ్యాస మళ్ళించడానికి, పొద్దున ఏం తిన్నావే అని అడిగాను.

"పప్పన్నం," అంది సాగదీస్తూ. "ఇప్పుడు బాగుంటోంది. ఇదివరకు పది రోజులు మామ్మ తాలింపు వెయ్యనివ్వలేదు. చప్పగా, ఛీ!"

నా కలం ఆగిపోయింది. నేను వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టినదాన్ని. ఇంట్లో పిల్లలకు అమ్మవారు పోస్తే మొట్టమొదట ఆగేది తాలింపే. నూనె చిటపటలాడితే అమ్మవారికి కోపమట. మూడు నీళ్ళు పోయడం అయ్యేదాకా వంటింట్లో ఆవాలు వేగవు.

మెడదాకా గుండీలు పెట్టిన పొడుగు చేతుల గౌను విప్పించాను. వీపు నిండా ఆరిపోయిన గులాబీ మచ్చలు. నూనె పెట్టి దువ్విన జుట్టులో ఇంకా రాలని ఎండిన పొక్కు చెక్కు ఒకటి. నేను గుండె చూసింది గౌను మీదనుంచే. ఇంత చదువూ చదివి పిల్ల వీపు చూడలేదు.

"ఇదేమిటి మాస్టారూ?"

ఆయన ముఖం ఎర్రబడింది. "మా అమ్మ ఊరుకోలేదండీ, గుమ్మానికి వేపమండలు కట్టింది. సంఘపెద్దనై ఉండి ఆ మాట బయటికెలా చెప్పుకోమంటారు?"

ఆటలమ్మ తగ్గాక కొందరు పిల్లలకు, ఎక్కడో ఒకరికి, చిన్నమెదడు వాస్తుంది. నడకను నిలబెట్టేది అదే. క్రిమి పోయినా దానితో పోరాడిన ఒళ్ళు ఇంకా పోరు ఆపదు. చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. ఇది అదేనని తొంభై పాళ్ళు నమ్మాను. మిగిలిన పది పాళ్ళ కోసం ఉత్తరం చింపకుండా సొరుగులో పెట్టాను. గడ్డే అయితే నేను ఆగిన ప్రతిరోజూ ఆ పిల్లకు నష్టమే. తలనొప్పి, వాంతి ఏది వచ్చినా ఆ పూటే మద్రాసు బండెక్కమని చెప్పి, రోజూ తీసుకురమ్మన్నాను.

రోజూ కళ్ళలోకి చూసేదాన్ని. తరువాత పరీక్ష. నిండు గ్లాసు నీళ్ళు గుమ్మం దగ్గర నుంచి నా బల్లదాకా తేవాలి. మొదటి మూడు రోజులూ సగం నీళ్ళు నేలకే. వారం తిరిగేసరికి పావు. నాకు భోజనం సయించడం అప్పుడు మొదలైంది. బెంచీ మీది రోగులు తమ జబ్బులు మరిచిపోయి, "అదీ, ఇంకొంచెం, మెల్లిగా!" అంటూ పరదా ఎత్తి పట్టుకునేవారు. ఆ పొద్దుటి పూటలంత సంతోషం నాకు ప్రాక్టీసులో మళ్ళీ చాలా అరుదుగా దొరికింది.

మూడోవారం ఒకరోజు పిల్ల చేతిలో గ్లాసు లేదు. రెండు చేతుల్లో మూతలేని స్టీలు గిన్నె. అంచుదాకా పప్పు, పైన ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ వాసన. పెదవి కొరుక్కుంటూ తిన్నగా నడిచివచ్చి నా బల్లమీద పెట్టింది. ఒక్క చుక్క ఒలకలేదు. సొరుగు తీసి మద్రాసు ఉత్తరం నాలుగు ముక్కలు చేశాను.

అన్నాళ్ళూ నాతో ఒక్క మాటా మాట్లాడని తల్లి అప్పుడు నోరు విప్పింది.

"ఆ రోజే చెప్పేద్దామని వచ్చానండీ డాక్టరమ్మగారూ. బయట బెంచీ మీద కూర్చుంటే, మీరు ఆ ముసలమ్మను అంటున్నవన్నీ వినపడ్డాయండి. మరింక ఎలా చెప్పను?"

సిగ్గుతో తల దించుకుని, ఆ పప్పు చెంచాతో తిన్నాను.

అప్పటినుంచీ పిల్లల్ని తెచ్చిన తల్లుల్ని పక్కన కూర్చోబెట్టుకుని, పరదా అవతలికి వినపడకుండా అడిగేదాన్ని: "ఈమధ్య ఇంట్లో తాలింపు ఏమైనా మానేశారా అమ్మా?"