పలకల వ్యాపారినని నోటీసు వచ్చింది

అప్పుడు మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉంది. రాష్ట్రం ఏర్పడి ఎంతో కాలం కాలేదు. నేను మా వసారాలో పిల్లల పలకలకు చెక్క చట్రాలు బిగించేదాన్ని. ఫ్యాక్టరీ నుంచి కోసిన రాళ్లు, చెక్కలు బండి మీద వచ్చేవి. మా వీధి ఆడవాళ్లు కొందరు నాతో కూర్చునేవాళ్లు. బిగించిన సరుకు అదే బండిలో వెళ్లిపోయేది. ఫ్యాక్టరీ షావుకారు కూలంతా నా చేతికిస్తే అందరికీ పంచేదాన్ని.

ఒక వేసవి పొద్దున అమ్మకం పన్ను ఆఫీసు బంట్రోతు వచ్చి ఇంగ్లీషు కాగితం ఒకటి చేతిలో పెట్టాడు. ఇల్లు పొరపాటు పడ్డాడేమో అనుకున్నాను.

"నీ పేరే ఉంది తల్లీ, సంతకం పెట్టు," అన్నాడు.

ప్లీడరు దగ్గరికి తీసుకుపోతే చదివి చెప్పాడు. నేను పలకల వ్యాపారినట. ఇన్నాళ్లూ పన్ను ఎగ్గొట్టానట. వచ్చే వారం విచారణ. ఆయన అరుగు మీదే కూలబడ్డాను.

"నువ్వు ఫ్యాక్టరీ కూలివా, సొంతంగా చేసుకుంటావా, అది తేలాలమ్మా," అన్నాడు ప్లీడరు.

"ఫ్యాక్టరీ కూలినే గదయ్యా."

"సుత్తి ఎవరిది?"

"నాదే."

"నాలుగు దినాలు పని ఆపితే ఎవరన్నా అడుగుతారా?"

"సరుకు అందితే చాలు, ఎవరూ అడగరు."

"ఇంకో ఫ్యాక్టరీ పని పట్టుకుంటే?"

"వద్దన్నవాళ్లు లేరు."

ఆయన కలం పక్కన పెట్టాడు. "ఇవన్నీ సొంత పని లెక్కకే వస్తాయి. ఇక మీ షావుకారే వచ్చి నువ్వు వాళ్ల కూలివని చెప్పాల."

షావుకారును నేను అన్నా అని పిలిచేదాన్ని. మా ఆయన టైఫాయిడ్‌తో మంచం పట్టినప్పుడు ఇంటికొచ్చి పలకరించిన మనిషి. ఆ రోజూ కూర్చోబెట్టి మజ్జిగ తెప్పించాడు. విషయమంతా విని మామూలు గొంతుతోనే అన్నాడు:

"నువ్వు కాంట్రాక్టరువు చెల్లెలా. ఆఫీసరు అడిగితే నేనే అట్ల రాయించినా. నిన్ను కూలి అంటే రేపు మీ వీధి వాళ్లంతా మా కూలీలే అయితారు, అందరికీ నేను జవాబు చెప్పుకోవాల గదా."

నోటీసు ఆయన మాట వల్లే వచ్చిందని అప్పుడు అర్థమైంది. మజ్జిగంతా తాగి గ్లాసు కింద పెట్టి వచ్చేశాను.

ఇక మిగిలింది నాతో పనిచేసే ఆడవాళ్లే. పక్కింటి అక్కను అడిగాను, నేనూ మీలాంటి కూలినేనని ఆఫీసరుతో చెప్పమని. ఆమె మేకు కొడుతూనే చెప్పింది:

"నువ్వు కూలివెట్లయితావు చెల్లీ? మేం నీ కిందనే గదా చేసేది. ఆలస్యమైతే నువ్వే గదా అరిచేది."

ఆ మాటలో కోపం లేదు. మిగతా వాళ్లు తల ఎత్తలేదు. నోటీసు చూసినప్పటికంటే ఎక్కువగా అక్కడ బిత్తరపోయాను. వాళ్ల పక్కనే కూర్చుని, వాళ్లతోపాటే చేతులు కాయలు కాయించుకున్నాను. నన్ను వాళ్లు అట్ల చూస్తున్నారని ఎన్నడూ అనుకోలేదు.

అయినా విచారణకు అక్క నా వెంట వచ్చింది. ఆఫీసరు అడిగింది కొంచెమే.

"చెక్క నువ్వు కొంటావా?"

"లేదయ్యా, ఫ్యాక్టరీదే."

"పలకలు బయట అమ్ముతావా?"

"ఒక్కటి కూడా అమ్మలేదు."

ఆయన అక్క వైపు తిరిగి నేను ఆమెకు ఏమవుతానని అడిగాడు.

"మాకు పని ఇప్పిస్తాది సార్. మాతోపాటే మేకులు కొడతాది," అంది అక్క.

కొన్నాళ్లకు పన్ను ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చింది. కొనడం, అమ్మడం లేదు కాబట్టి పన్ను లేదని ప్లీడరు చదివి వినిపించాడు. నేను కూలినా, కాంట్రాక్టరునా అన్నది అందులో రాయలేదు. నేనూ అడగలేదు.

బండి మళ్లీ వచ్చింది. వెనక్కి పంపే స్తోమత నాకు లేదు. కానీ ఆ వారం కూలి డబ్బులు తెచ్చుకోడానికి అందరినీ వెంటబెట్టుకుని షావుకారు దగ్గరికి వెళ్లాను.

"ఇంతమందేంది చెల్లెలా?" అన్నాడు షావుకారు.

"వీళ్లు చేసేదీ మీ పనే గదన్నా," అన్నాను.

ఆయన ఎప్పటిలాగే మొత్తం నా చేతికే ఇచ్చాడు. అక్కడే, ఆయన ముందే, అందరికీ పంచాను.